నీలం కార్డు

రోము నగరంలో వేదశాస్త్రం అభ్యసించే గురువిద్యార్థులలో పరదేశస్థులు ఎందరో. ఇల్లు విడిచి వచ్చిన ఈ యువకులు, కొందరు గురువులు కళాశాలలవారీగా జట్లు కట్టి ఆడే ఫుట్‌బాల్ పోటీ ‘క్లేరికుస్ కప్’ 2007లో మొదలైంది. 2012, 2013లలో అమెరికా విద్యార్థుల జట్టు గెలిచింది.

గురుత్వానికి సిద్ధపడేవారికి గెలవాలన్న పంతం ఎందుకని కొందరు అడుగవచ్చు. పంతం లేనిదే ఆట లేదు. బంతిని మర్యాదగా ఎదుటివానికి వదిలేస్తే చూచేవారికీ విసుగే! నన్ను ఆలోచింపజేసినది ఆ పోటీలోని నీలం కార్డు.

పసుపు కార్డు హెచ్చరిక, ఎరుపు కార్డు బహిష్కారం. రెంటి నడుమ ఈ నీలం కార్డు. తప్పుగా ఆడినవాడు ఐదు నిమిషాలు గీత వెలుపల నిలిచి, తిరిగి ఆటలోకి వస్తాడు.

ఇది మెతకదనమా? కాదనుకొంటాను. అంతసేపూ అతని జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. ఒకని కోపానికి అందరూ నష్టపోతారు. తప్పు తప్పుగానే ఉంది, శిక్షకు మాత్రం గడువు పెట్టారు. పాపసంకీర్తనంలో గురువు విధించే ప్రాయశ్చిత్తానికీ గడువు ఉంటుంది గదా.

మన ఇండ్లలో గడువులేని శిక్షలే ఎక్కువ. పొలం గట్టు దగ్గర మాటామాటా అనుకొన్న అన్నదమ్ములు ఒకే పీఠం ఎదుట దివ్యసత్ప్రసాదం స్వీకరించి, గుడి బయట ముఖాలు తిప్పుకోవడం ఏ విచారణలో లేదు? “వాడు క్షమాపణ అడగలేదు” అంటారు. నిజమే, అడగాలి. అడగవచ్చినవానిని ఇక లోపలికి రమ్మని ఎవరు చెప్పాలి? మైదానంలోనైతే రిఫరీ గడియారం చూచి పిలుస్తాడు. ఇంట్లో పిలువవలసినవాడు మాట పడినవాడే. అతనికేమో నొప్పి ఇంకా తగ్గలేదు.