విప్పుటయు సాధనయే

తప్పు చేయుట మానవునకు సహజము. తప్పని తెలిసిన పిమ్మట ఏమి చేయవలెననునదియే కఠినమైన ప్రశ్న. మన ధర్మశాస్త్రములు ప్రాయశ్చిత్తములను విధించినది ఈ ప్రశ్నకు సమాధానముగనే. పెద్ద తప్పుల విషయమున ఈ విచారణ ఒక విధముగా సులభము. లోకము చూచుచుండును, శాస్త్రము చెప్పుచుండును, భయము హెచ్చరించుచుండును. చిన్న పనులలోని చిన్న తప్పుల విషయమున మాత్రము మనస్సొక్కటియే సాక్షి. కనుక ధర్మమునకు నిజమైన పరీక్ష పెక్కు మారులు అచ్చటనే జరుగును. ఊలుతో ఒక మఫ్లరు అల్లుట అట్టి చిన్న పని.

ధనుర్మాసమున కోదాడ ప్రాంతములో తెల్లవారుజామున పొలములపై మంచు కమ్ముకొనియుండును. ఆ చలిలోనే వృద్ధులు స్నానము చేసి, తిరుప్పావై వినుటకు ఆలయమునకు బయలుదేరుదురు. ఆ ఊరిలో ఒక కోడలు, చలికి ఓర్వలేని తన అత్తగారి మెడకును చెవులకును చుట్టుకొనుటకై ఒక మఫ్లరును స్వయముగా అల్లదలచినదని అనుకొందము. అంగడిలో సిద్ధముగా దొరకు వస్తువే. కాని తన చేతితో చేసి యీయవలెనని ఆమె కోరిక. కార్తీకము చివర ఊలు ఉండను, కొన కొక్కెమువలె వంగియుండు క్రోషియా సూదిని తెచ్చుకొని, ఇరుగుపొరుగున తెలిసినవారి కడ కూర్చుండి పని నేర్చుకొన నారంభించినది.

పని చూచుటకు మిక్కిలి సులభము. మొదట ఒక జారుముడి వేయవలెను. దానినుండి ఒకదాని వెంట ఒకటిగా 20 గొలుసు కుట్లు లాగవలెను. పిమ్మట అల్లికను త్రిప్పి, క్రింది వరుసలోని ప్రతి కుట్టులోనికిని సూదిని దూర్చి, దారమును అందుకొని, పైకి లాగి, కొత్త కుట్టు వేయవలెను. వరుస ముగియగనే మరల త్రిప్పవలెను. మఫ్లరంతయు ఇంతే. మగ్గముపై వస్త్రమునకు పడుగు వేరు, పేక వేరు; వందలకొలది పోగులు కలియును. ఈ అల్లికకు ఒకే దారము. ప్రతి కుట్టును తన ముందున్న కుట్టును పట్టుకొని నిలుచును. ఏ క్షణమునందైనను సూదిపై మిగిలి, ఇంకను ముడిపడక యుండునది చివరి ఉచ్చు ఒక్కటియే.

కొత్తవారు చేయు తప్పులు కొన్ని కలవు. భయముచే కొందరు దారమును బిగించి లాగుదురు. సూది లోనికి పోదు. కొందరు వదులుగా విడతురు. అల్లిక జాలివలె సాగును. ఈ రెంటికంటెను మోసకరమైనది అంచులోని తప్పు. వరుస చివరనుండు కుట్టు, త్రిప్పునపుడు ముడుచుకొని కనబడక పోవును. కొత్త చేయి దానిని విడిచి తరువాతి వరుస ప్రారంభించును. వరుసకొక కుట్టు చొప్పున విడిచినచో పది వరుసలకు 20 కుట్లు 10 అగును. దీర్ఘచతురస్రము కావలసిన మఫ్లరు త్రిభుజమగుట కొత్తవారికి తరచుగా కలుగు అనుభవము.

ఈ కోడలికిని అదియే జరిగినది. 12వ వరుస ముగించి చూడగా ఒక ప్రక్క అంచు లోనికి వంగియుండెను. లెక్కించగా 14 కుట్లే యున్నవి. వెనుకకు పోయి పరిశీలింపగా నాలుగవ వరుసనుండి ఆరు మారులు అంచు కుట్టు తప్పిపోయినట్లు తేలినది. ఇప్పుడామె యెదుట రెండు మార్గములు కలవు. ఒకే రంధ్రమున రెండేసి కుట్లు వేసి, 14ను మరల 20 చేసి, వంకరను అట్లే యుంచి ముందుకు సాగుట ఒకటి. దారము లాగి, మూడవ వరుస వరకు విప్పుట రెండవది. ఆమె విప్పుటకు పూనుకొనగా మంచముపై కూర్చున్న అత్తగారు, “ఎందుకు విప్పుతవు బిడ్డా? మెడకు చుట్టుకుంటే ఎవరికి కనబడ్తది?” అని వారించిరి. ఆ మాట ప్రేమనుండి వచ్చినది. అయినను ప్రశ్న మాత్రము నిలిచియే యున్నది. ఎవరికిని కనబడని తప్పును దిద్దుట ధర్మమా, లేక వృథా ప్రయాసయా?

భక్తిమార్గమునుండియే దీనికొక ఆక్షేపణ రాగలదు. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున వర్ణించిన తిన్నని కథ తెలుగువారికి సుపరిచితము. ఆ వేటగాడు ఆగమవిధిని ఎరుగడు. పుక్కిటినీటితో అభిషేకించినాడు, మాంసమును నివేదించినాడు. శివుడు దానినే స్వీకరించినాడు. శబరి ఎంగిలి పండ్లను శ్రీరాముడు ఆరగించినాడని లోకులు చెప్పుకొందురు. భగవంతుడు భావమునే చూచునపుడు అల్లికలోని వంకర నెవరు లెక్కింతురు? ప్రేమతో ఇచ్చిన వంకర మఫ్లరు, ప్రేమ లేక ఇచ్చిన సక్కని మఫ్లరు కంటె మేలు కాదా?

మేలే. సందేహము లేదు. కాని తిన్నని కథలో గమనింపదగినది మరొకటి కలదు. అతడు తప్పని తెలిసి ఆ పని చేయలేదు. తనకు తెలిసినవానిలో శ్రేష్ఠమైనదానినే ఇచ్చినాడు. స్వామి కంట నెత్తురు కారుట చూచిన క్షణమున తన కన్నునే పెకలించి యిచ్చినాడు. చేయగలిగినదానిలో ఇసుమంతయు దాచుకొనలేదు. తెలియక చేసిన లోపమును ప్రేమ కప్పును. తెలిసిన లోపమును ప్రేమపేరుతో మనమే కప్పుకొనుట వేరు. “భగవంతుడు భక్తినే చూచును” అను మాట మొదటివాని నోట వినయము. రెండవవాని నోట అది సోమరితనమునకు ముసుగు.

దీనికి ఎదుటి కొసయు కలదు. ప్రతి వరుసను నాలుగు మారులు విప్పి, ఒక కుట్టు వెంట్రుకవాసి వదులైనను ఓర్వక, మరల మరల మొదటికి వచ్చువారు కొందరు. వారి అల్లిక సక్కగనే యుండవచ్చును, కాని అది ముగియదు. ధనుర్మాసము గడచిపోవును, సంక్రాంతియు వెడలిపోవును, అత్తగారి మెడ చలికి వణకుచునే యుండును. అచ్చట దిద్దబడుచున్నది మఫ్లరు కాదు, అల్లువారి అహంకారము. “నా చేతినుండి లోపమున్న వస్తువు వెలువడరాదు” అనునపుడు దృష్టి పుచ్చుకొనువారినుండి తొలగి తనపైకి మరలినది. అదియు భక్తి కాదు.

కావున వివేకము అవసరము. లోపములు రెండు రకములు. ఒకటి ఉన్నచోటనే ఉండిపోవునది. నడుమ ఒక కుట్టు కొంచెము వదులైనచో తరువాతి కుట్లకు హాని లేదు. దానిని విడిచి సాగవచ్చును. రెండవది పెరుగునది. లెక్క తప్పిన అంచు తనపై వచ్చు ప్రతి వరుసను వంకర చేయును. జీవితమునను ఇంతియే. అలసటలో జారిన ఒక పరుషవాక్యమునకు క్షమాపణ చెప్పి ముందుకు సాగవచ్చును. కాని చిట్టాలో నేడు కప్పిపుచ్చిన పది రూపాయలు రేపు మరొక అబద్ధపు పద్దును కోరును. ఎల్లుండి దానిని కాచుటకు ఇంకొకటి కావలసివచ్చును. పెరుగు తప్పును తొలినాడే విప్పవలెను.

విప్పుటలో బాధ యెచ్చటనున్నదో ఈ అల్లిక స్పష్టముగా చూపును. తప్పు నాలుగవ వరుసలోనున్నను, దారము పన్నెండవ వరుస చివరి కుట్టునుండియే ఊడివచ్చును. నడుమనున్న సక్కని కుట్లన్నియు పోవలసినదే. తప్పును మాత్రము తీసివేసి, దానిపై కట్టుకొన్న మంచిని ఉంచుకొందునన్న కుదరదు. పశ్చాత్తాపము పలువురికి మాటలోనే నిలిచిపోవుటకు కారణమిదియే. తప్పును ఒప్పుకొనుటకు మనస్సు సిద్ధపడును. ఆ తప్పువలన కలిగిన లాభమును వదలుకొనుటకు సిద్ధపడదు. అన్యాయముగా పొందిన స్థలముపై న్యాయార్జితముతో ఇల్లు కట్టినవాడు, ఇల్లు నాదే కదా యనును. కాని స్థలము తిరిగి యీయవలసివచ్చినపుడు ఇల్లును కదలును.

విప్పినపుడు పోవునది ఏమి? దారము పోలేదు, ఎంత దారమో అంతయు ఉన్నది. వంకరలు తిరిగిన ఊలును తడిపి ఆరవేసినచో చాలవరకు సక్కబడును. కాలము మాత్రము పోయినది. అది మరల రాదు. ఈ నష్టమును చిన్నదని చెప్పుట సత్యము కాదు. అయినను చేయి నేర్చినది విప్పబడలేదు. మూడు సాయంకాలములు పట్టిన వరుసలను కోడలు రెండవ మారు ఒక్క సాయంకాలములో అల్లగలిగినది. ప్రతి వరుస చివరను లెక్కించుట అలవాటైనది. ఈ మార్గమున ఆరంభించిన యత్నము వ్యర్థము కాదని గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణుడు అర్జునునకు అభయమిచ్చినది ఇటువంటి సాధకులను ఉద్దేశించియే.

ఈ సాధనకు మరొక ఫలము కలదు. కోదాడ మీదుగా పోవు రహదారిని పట్టుకొని విజయవాడ దాటి సాగినచో పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము చేరవచ్చును. అంతర్వేది లక్ష్మీనృసింహస్వామి క్షేత్రమునకు ఎదుటి గట్టున, వసిష్ఠ గోదావరి ఒడ్డుననున్న ఊరది. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ సీమకు వచ్చిన లేసు అల్లిక అచ్చటి వేలాది స్త్రీలకు జీవనాధారమైనది. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున, ఆ స్త్రీల శ్రమ ఇల్లాండ్ర తీరికపనిగా భావింపబడి, తగిన విలువ లేకపోవుటను వివరించిరి. అల్లిన వస్తువును బట్టి కూలి లెక్కించుచోట విప్పిన గంటలకు కూలి ఉండదు. వారిలో ఒక స్త్రీకి అంచు తప్పినచో ఆ నష్టమంతయు ఆమెదే.

తన యింట ఒక్క మఫ్లరును విప్పి చూచినవారు అట్టి అల్లికను బేరమాడునపుడు ఒక క్షణము ఆగుదురు. నిర్దుష్టమైన అంచు వెనుక ఎన్ని గంటల విప్పుట దాగియుండునో వారి చేతులకు తెలియును. తన తప్పును దిద్దుకొనుటలో కాఠిన్యము, ఎదుటివారి తప్పునెడ మెత్తదనము; సాధనకు ఇది గురుతు. ఈ రెండును తారుమారైనచో, ఎంత సక్కగా అల్లినను లోపల వంకర మిగిలియే యుండును.

ఆ మఫ్లరు ధనుర్మాసము ముగియకముందే పూర్తియైనది. నడుమ రెండు వదులు కుట్లు అట్లే యున్నవి. అంచులు మాత్రము సక్కగనున్నవి. చివరి కుట్టు వేసి, దారము త్రెంచి, దాని కొసను చివరి ఉచ్చులోనుండి లాగి బిగించినపుడే అల్లిక స్థిరపడును. ఆ తరువాత విప్పుట సులభము కాదు. మానవ జీవితమునను చివరి ఉచ్చు ఒకటి తెరచియున్నంత వరకే వెనుకకు మరలుటకు వీలుండును. దారమెన్నడు త్రెగునో ఎవరికిని తెలియదు. కనుక తప్పు కనబడిన నాడే కొసను పట్టుకొని లాగుట మంచిది. ఆ ధైర్యమును మట్టపల్లిలో కృష్ణాతీరమున వెలసిన ప్రహ్లాదవరదుడు అందరికిని ప్రసాదించుగాక!