విడువని పట్టు

మహాలయపక్షమున పితృదేవతలకు వారు గతించిన తిథినే శ్రాద్ధము పెట్టుట ఆచారమైనను, శస్త్రముచే హతులైన వారికి మాత్రము చతుర్దశినాడు పెట్టవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. అంతటితో నిలువక, తల్లిగాని తండ్రిగాని బంధువుగాని లేనివారిని సైతము తలచి దర్భలతో నీరు విడువుమన్నవి. రక్తసంబంధము లేనివారికి సైతము మనము ఋణపడియుందుమని అంగీకరించిన ఆ ఔదార్యమును తలచినపుడెల్ల నాకు తుకారాం ఓంబ్లే స్ఫురించును.

అతడు మన సీమవాడు కాడు. మన భాష పలికినవాడు కాడు. మహారాష్ట్రమున సతారా ప్రాంతపు పల్లెలో పుట్టి, కొంతకాలము సైన్యమున కొలువుచేసి, పిదప ముంబయి పోలీసు శాఖలో చేరి సహాయ సబ్ ఇన్‌స్పెక్టరైనవాడు. ముంబయిపై ఉగ్రవాదులు దాడిచేసిన 2008 నవంబరు 26 నాటి ఘోరరాత్రి, గిర్గాం చౌపాటీ వద్ద దారికి అడ్డుపెట్టి నిలిచిన పోలీసుల ఎదుటికి ఇరువురు హంతకులతో కారొకటి వచ్చి ఆగినది. ఒకడు తూటాలకు కూలెను. రెండవవాడగు కసబ్ తుపాకి ఎత్తునంతలో, చేత లాఠీ తప్ప వేఱొక ఆయుధము లేని ఓంబ్లే ముందునకుఱికి, దాని గొట్టమును రెండు చేతులతో ఒడిసిపట్టెను. గుండ్లు తన దేహమును తూట్లు పొడుచుచున్నను ఆ పట్టు సడలనీయలేదు. ఈలోగా తోడివారు వానిని ప్రాణములతో బంధించిరి.

అర్జునునకు ఉభయసేనల నడుమ రథము నిలుపుకొని సందేహము తీర్చుకొను అవకాశమైనను లభించెను. ఈతనికి లభించినది ఱెప్పపాటు కాలమే. చలానా వ్రాసిన పోలీసును నాలుగు వీధుల దాక తిట్టుకొనుచు పోవు అలవాటు మనకు కలదు, ఆ తిట్లలో కొన్ని న్యాయమైనవే యనియు నా యభిప్రాయము; అయినను ఆ ఖాకీదుస్తులలోనే స్వధర్మమునకై నిధనమును వరించు మనుజుడును ఉండునని ఒప్పుకొనక తప్పదు.

ప్రభుత్వము 2009లో మరణానంతరము అతనికి అశోకచక్ర మిచ్చి గౌరవించినది. ఆ పరాక్రమము గొప్పదే; కాని నా మనస్సు అంతకంటె ఎక్కువగా నిలుచునది మఱియొకచోట. అతడు చంపలేదు, చంపువానిని ఆపెను. ప్రభుత్వము సైతము చిక్కినవానిని అచటనే కడతేర్చి పగ తీర్చుకొనుటకు బదులు, వానికి న్యాయవాదిని ఏర్పఱచి, సాక్ష్యములు విని, సర్వోన్నత న్యాయస్థానము దాక వాని మొఱ సాగనిచ్చి, 2012 నవంబరు 21న గాని శిక్ష అమలు చేయలేదు. ఇంత జాగేలయని ఆ దినములలో విసుగుకొన్నవారు పలువురు. వాడు ప్రాణములతో చిక్కినందుననే ఆ కుట్ర ఎచట పుట్టినదో, ఎవరు నడిపిరో న్యాయస్థానమున వాదించి నిరూపించుటకు వీలైనది.