దేహాలయము - రోగభయము

దేహమే దేవాలయమని బసవేశ్వరుడు 12వ శతాబ్దమున బోధించెను. ఆలయమునకు కావలి వలయును. కాని రేయింబవళ్లు గోడల బీటలే వెదకువానికి లింగపూజకు వేళ చిక్కదు. ఇష్టలింగము నర్చింపవలసిన వ్రేళ్లు నాడిని వెదకుచుండును. భయమువలన గుండె వేగిరపడును. ఆ వేగమే రోగమని మరల భయము. "నాకేమియు కాదు గదా?" యని అర్ధరాత్రి లేపి యడుగగా ఇల్లాలు ఏమియు కాదనును. ఆ యూరట తెల్లవారువరకైనను నిలువదు. ఆమె నిద్ర మాత్రము చెడును, పాపము. నటనయని నిందింపరాదు, అతని బాధ నిజము.

విభూతి ధరించిన చాలును, వైద్యుడేల యనుటయు తగదు. శరణులలో వైద్య సంగణ్ణకు వైద్యమే కాయకము. ఒక్క వైద్యుని నమ్మి పరీక్ష చేయించుకొని, భయము తీరనిచో మనోవైద్యుని చూడవలెను. ఇంటివారు మాటిమాటికి అభయమిచ్చుట మాని, "వైద్యుడు చెప్పినారు గదా, రండి, పూజవేళయైనది" యని పీట వేయుట మేలు.