చిత్రము క్రింది మాట

చదువవలసిన భాగములు: యోహాను 19:19–22; సామెతలు 18:17



మన ప్రభువును సిలువ వేసిన దినమున పిలాతు ఒక పలకమీద బిరుదు వ్రాయించి సిలువకు పైగా పెట్టించెను. అది మూడు భాషలలో నుండెను. పట్టణమునకు దగ్గర చోటు గనుక అనేకులు చదివిరి. అప్పుడు ప్రధాన యాజకులు వచ్చి, ఈయన రాజని వ్రాయవద్దు, రాజునని ఈయన చెప్పుకొనెనని మాత్రము వ్రాయుమని కోరిరి. పిలాతు ఒప్పుకొనలేదు. రెండు మూడు మాటలను గూర్చి ఇంత పట్టుదల ఎందుకు? దారిన పోవువాడు సిలువను కంటితో చూచును గాని, చూచినదానికి అర్థమును ఆ పలకవలననే తెలిసికొనును గదా.

మన ఆదివారపు బడులలోను ఇట్టిదే కలదు. త్రోవప్రక్కను గాయపడి పడియున్న ఒక మనుష్యుడు, అతనిమీదికి వంగియున్న మరియొకడు: ఈ పటమును గోడకు తగిలించి ఉపాధ్యాయుడు ఏమియు చెప్పక వెడలిపోయెననుకొనుడి. లూకా 10వ అధ్యాయము ఎన్నడును వినని పిల్లవాడు ఆ వంగినవానిని దొంగ యని తలంచును. పటములో తప్పులేదు, గీసినవాని మనస్సులోను తప్పులేదు. అయినను ఆ పిల్లవాని యెదుట మంచి సమరయుడు దొంగయై నిలిచెను. ఈ అన్యాయమునకు ఉత్తరవాది ఎవరు? ఈ ప్రశ్నను మన దేశమంతయు ఒకసారి అడుగవలసివచ్చెను.

1949 ఆగస్టులో, రాజ్యాంగ రచన ఇంకను ముగియకమునుపు, శంకర్ పిళ్ళైగారు తమ శంకర్స్ వీక్లీ పత్రికలో ఒక వ్యంగ్యచిత్రము గీసిరి. రాజ్యాంగమను నత్తమీద డాక్టరు అంబేద్కరుగారు చెర్నాకోల పట్టి కూర్చుండియున్నారు. వెనుక ప్రధానమంత్రి నెహ్రూగారు మరియొక చెర్నాకోల ఎత్తియున్నారు. జనులు చూచుచున్నారు. పని నత్తనడక నడచుచున్నదని భావము. శంకరుగారు పెద్దవారిని ఎవరిని విడువలేదు. 1948లో ఆ పత్రిక ప్రారంభమైనప్పుడు తన్నును విడిచిపెట్టవద్దని నెహ్రూగారే ఆయనతో చెప్పియుండిరి.

2006లో ఈ చిత్రమును ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 11వ తరగతి పాఠ్యపుస్తకములో చేర్చిరి. దాని క్రింద, రచనకు ఇంచుమించు మూడు సంవత్సరములు పట్టెనని చెప్పి, అంతకాలము ఎందుకు పట్టెనని విద్యార్థులను ప్రశ్నించిరి. 2012 మే 11న పార్లమెంటులో దీనిని గూర్చి గొప్ప అలజడి పుట్టెను. చిత్రమును తీసివేయుదుమని మంత్రి కపిల్ సిబల్‌గారు చెప్పిరి. పుస్తకమునకు ముఖ్య సలహాదారులైన యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్‌గారలు ఆ దినముననే తమ పదవులు విడిచిరి. మరునాడు పుణెలో పల్శీకర్‌గారి కార్యాలయమును కొందరు ధ్వంసము చేసిరి. తరువాత ఆచార్య సుఖదేవ్ థోరట్‌గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము పెక్కు చిత్రములను తీసివేయుట మంచిదనెను. అందులో సభ్యులైన ఆచార్య పాండియన్‌గారు మాత్రము దానికి సమ్మతింపక వేరుగా వ్రాసిరి.

కూర్చినవారి వాదమిది: చెర్నాకోల నత్తకొరకే గాని మనిషికొరకు కాదు, ఆలస్యమునకు కారణము పాఠములో వివరింపబడియున్నది, పిల్లలు ఆలోచించుట నేర్వవలెను. ఎదుటివారి వాదమిది: వెనుకనుండి ఒకడు చెర్నాకోల ఎత్తగా ముందు మా నాయకుడు కూర్చుండిన బొమ్మను చూచి తరగతిలో తోటి పిల్లలు నవ్వుదురు, ఆ నవ్వును భరించువారు మా బిడ్డలు.

ఈ విషయములో మనము దూరపువారము కాము. మనలో అనేకుల పెద్దలు ఊరి వెలుపలి పల్లెలనుండి సంఘములోనికి వచ్చినవారు. వారికి చెర్నాకోల వ్యంగ్యము కాదు. దెబ్బ నత్తకా మనిషికా యని విద్వాంసులు విచారింపవచ్చును. దెబ్బతిన్న వీపు విచారింపక ముందే ఉలికిపడును. నా ఉద్దేశము మంచిదే అనుట చాలదు. విగ్రహములకు అర్పించిన మాంసము తినుట తప్పుకాదని ఎరిగియు, బలహీనుడైన సహోదరుని నిమిత్తము పౌలు దానిని మానుకొన సిద్ధపడెను గదా (1 కొరింథీ. 8).

అయితే ఉలికిపాటు తీర్పు కాదు. మొదట మాటలాడినవాడు న్యాయవంతుడుగా కనబడును, పొరుగువాడు వచ్చి పరీక్షించిన పిమ్మటనే నిజము తేలునని సామెతల గ్రంథము నేర్పుచున్నది. ఒకని కార్యాలయమును పగులగొట్టుట పరీక్షించుట కాదు. చించివేసిన పుట అబద్ధమాడదు గాని, సత్యమును కూడ పలుకదు. మనము సత్యమును వెదకుదము. ఆ పని నిజముగా నత్తనడక నడచెనా?

దీనికి అంబేద్కరుగారే 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో ఉత్తరమిచ్చిరి. సభ మొదట కూడినప్పటినుండి 2 సంవత్సరముల 11 నెలల 17 దినములైనదని ఆయన దాచలేదు. అయితే ముసాయిదా సంఘము 141 దినములు కూర్చుండెననియు, ముసాయిదాకు రమారమి 7,635 సవరణలు రాగా వాటిలో 2,473 సభలో చర్చకు వచ్చెననియు, ఆస్ట్రేలియావారికి తొమ్మిదేండ్లు పట్టెననియు లెక్క చూపిరి. అంతకు ఒక సంవత్సరము ముందే టి.టి. కృష్ణమాచారిగారు అదే సభలో, సంఘములోని యేడుగురిలో ఒకరు రాజీనామా ఇచ్చిరనియు, ఒకరు మరణించిరనియు, ఒకరు అమెరికాలో నుండిరనియు, కడకు భారమంతయు అంబేద్కరుగారిమీదనే పడెననియు చెప్పిరి. మన తిరుచానూరువారైన అనంతశయనం అయ్యంగారుగారును ఆ సభలో సభ్యులు.

ఆ నత్త ఏమి మోసికొని వచ్చెను? అంటరానితనమును రద్దుచేసిన 17వ అధికరణమును మోసికొని వచ్చెను. ఆ మాటను సభవారు 1948 నవంబరు 29న, అనగా ఆ చిత్రమునకు తొమ్మిది నెలల ముందే, ఆమోదించియుండిరి. మనము బాహాటముగా ప్రభువును ఆరాధించుటకు ఆధారమైన 25వ అధికరణమును మోసికొని వచ్చెను. గొప్ప గ్రంథములకు కాలము పట్టునని బైబిలు చదువరులమైన మనకు తెలియదా? మదనపల్లెలో సేవచేసిన డాక్టరు చేంబర్లేనుగారు తెలుగు పాత నిబంధన సవరణ సంఘమునకు అధ్యక్షులై ఏండ్ల తరబడి శ్రమపడిరి. ఒక్కొక్క మాటను తూచువాడు పరుగెత్తలేడు.

కాబట్టి మూడు సంవత్సరములు పట్టెననుట సరియైన లెక్కయే. నత్తయనుట మాత్రము ఆ లెక్కకు తగిన తీర్పు కాదు. లెక్క సరిగా నుండి సాక్ష్యము తప్పిపోవచ్చును. మాకు తోచిన ముఖ్యమైన సంగతి ఇదియే. యాజకులు కోరిన మాటను చూడుడి. రాజునని ఈయన చెప్పుకొనెననుటలో ఒక్క అక్షరమైనను అబద్ధమని చూపుట కష్టము. అయినను ఆ సవరణ వలన, ఎదుట వ్రేలాడుచున్నవాడు నిజముగా ఎవరను ప్రశ్నను దారిన పోవువాడు తప్పించుకొనిపోవును.

ఆ చిత్రము తీసివేయవలసినదేనా? మా మట్టుకు, తీసివేయుటకంటె దాని ప్రక్కనే అంబేద్కరుగారి ఉత్తరమును అచ్చువేయుట మేలనియు, బొమ్మ ఎవరిని గాయపరచునో వారిని ముందుగా అడిగియుండవలసినదనియు తోచుచున్నది. అప్పుడు 11వ తరగతి బిడ్డ ఆ పుటను చూచి తల వంచుకొనక, లెక్కలు చూపి తోటివారితో వాదించియుండును.

ఇది పుస్తకములు కూర్చు పెద్దలకే చెందిన సంగతి యని తలంపకుడి. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞ (నిర్గమ. 20:16) మనకందరికిని ఇయ్యబడెను. ఫలాని సహోదరుడు రెండు నెలలుగా ఆరాధనకు రాలేదని సంఘములో ఒకరందురు. లెక్క సరియే. అతడు వేలూరు ఆసుపత్రిలో భార్య మంచముప్రక్కను కూర్చుండియున్నాడని ఎవరును చెప్పరు. నేడు ఫోనులో ఒక బొమ్మ వచ్చును. క్రింద ఎవరో ఒక మాట వ్రాసియుందురు. అరగడియలో ఊరంతయు దానిని పంపుదుము. ఆ బొమ్మలోనివాడు ఎదుట నిలిచినయెడల ఏమి చెప్పియుండునని ఒక్క క్షణము అడిగితిమా? అడుగుటకు వీలులేనిచో పంపకుండుటకైనను వీలున్నది గదా.

పిలాతు వ్రాయించిన పలకను చూచి ఆనాడు నవ్వినవారుండిరి. దానిలోని మాట సత్యమైనదని మనము ఒప్పుకొనుచున్నాము. అపహాస్యమునుండి కూడ సత్యమును పలికించుట దేవునికి సాధ్యము. అయితే పలక వ్రాయు పని మన చేతికి వచ్చినప్పుడు మనము పిలాతువలెను యాజకులవలెను వ్రాయక, దేవుని యెదుట నిలిచి వ్రాయుదుము గాక. ఆమేన్.