పెద్ద యంత్రము, చిన్న స్వరము



గట్టిగా పలుకునదంతయు బలమైనదేనా? బలముగలది నెమ్మదిగా పలికినయెడల దాని బలము తగ్గిపోవునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములు చదువుచుండగా పుట్టలేదు. ఒక సినిమా చూచుచుండగా పుట్టినది.

పాస్టరుకు సినిమాతో నేమి పని యని మీలో కొందరు నొసలు చిట్లింతురని యెరుగుదుము. పౌలు ఏథెన్సు పట్టణములో ఆ దేశపు కవుల మాటలను అందిపుచ్చుకొనియే తన మాట చెప్పెను (అపొ. కార్య. 17). ఆ ధైర్యముతో వ్రాయుచున్నాము.

మా సంఘములోని యొక పడుచువాడు గుంతకల్లు రైల్వే స్టేషను దగ్గర దుకాణములో పని చేయుచున్నాడు. వాని తండ్రి చనిపోయి రెండేండ్లయినది. ఒక రాత్రి అతడు ఫోను చేత పట్టుకొని మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఇది మీరు చూడాల. ఇనుప మనిషి కథే గాని, చూస్తాంటే మా నాయన గుర్తుకొచ్చినాడు" అనెను. కాదనలేక కూర్చుంటిమి.

ఆ సినిమా పేరు "బంబుల్‌బీ", అనగా తుమ్మెద. 2018 డిసెంబరులో అమెరికాలో విడుదలయైనది. అది ట్రాన్స్‌ఫార్మర్స్ అను సినిమాల వరుసలో ఆరవది. ట్రాన్స్‌ఫార్మరనగా మన చేల గట్ల మీది కరెంటు డబ్బా అనుకొనవలదు. వేరొక గ్రహమునుండి వచ్చిన యంత్రజీవులకు ఆ పేరు పెట్టిరి. అవి లేచి నిలుచున్న మేడంత మనుషులు. మడుచుకొన్న కారో లారీయో. జపానులోని టకారా కంపెనీ చేసిన బొమ్మలను అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ 1984లో ఈ పేరుతో అమ్మనారంభించెను. మైకేల్ బే అను దర్శకుడు వానితో 2007 మొదలు 2017 వరకు అయిదు సినిమాలు తీసెను. 2011లోను 2014లోను వచ్చినవి ఒక్కొక్కటి నూరు కోట్ల డాలర్లకు మించి రాబట్టినవి.

వానిలో నున్నదేమి? పట్టణములు కూలును. ఇనుము ఇనుముతో గ్రుద్దుకొనును. మనుష్యులు ఆ కాళ్ల సందున చీమలవలె పరుగెత్తుదురు. జనము మరల రావలెనన్న నిరుటికంటె ఈసారి ఇంకను పెద్దది చూపవలెను. పెద్దది చూచినవాడు మరుసారి అంతకంటె పెద్దది కోరును. ఈ మెట్లకు పైకప్పు లేదు. 2017లో వచ్చిన అయిదవ సినిమాకు 21 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టిరి. రాబడి మాత్రము 60 కోట్ల దగ్గర నిలిచిపోయెను; మూడేండ్ల ముందు వచ్చినదానితో పోల్చిన దాదాపు సగము. చప్పుడు పెరిగెను, వినువారు తగ్గిరి.

ఆ అయిదవది విడుదల కాకమునుపే ఆ యజమానులు ఒక వింత పని చేసిరి. తరువాతి సినిమాను ట్రావిస్ నైట్ అను వాని చేతిలో పెట్టిరి. ఇతడు లైకా అను బొమ్మల సినిమాల సంస్థకు అధిపతి. ఆ పని ఎట్టిదనగా, ఒక బొమ్మ చేతిని వెంట్రుకవాసి కదిపి ఫోటో తీయుదురు. మరల వెంట్రుకవాసి కదిపి మరియొకటి తీయుదురు. తెర మీద ఒక్క సెకను గడచుటకు అట్టివి 24 చిత్రములు కావలెను. ఒక బొమ్మ తల యెత్తి చూచుటకు మనిషి పూట యంతయు వంగి యుండవలసినదే. అట్టి ఓపిక నేర్చిన చేతికి ఆ ఇనుప రాక్షసులను అప్పగించిరి. కథ వ్రాసినది క్రిస్టినా హాడ్సన్ అను స్త్రీ.

కథ 1987లో కాలిఫోర్నియా సముద్రతీరపు ఊరిలో జరుగును. చార్లీ అను పిల్లకు పదునెనిమిదేండ్లు నిండుచున్నవి. తండ్రి గుండె ఆగి చనిపోయెను. తల్లి మరల వివాహము చేసికొనెను. తండ్రీ కూతుళ్లు కలిసి బాగుచేయుచుండిన పాత కారొకటి షెడ్డులో పడియున్నది. ఆ పిల్ల ఒంటరిగా ఎంత తంటాలు పడినను దాని ఇంజను పలుకదు. ఆమె ఎత్తునుండి నీళ్లలోనికి దుముకు పోటీలలో బహుమానములు గెలిచినది. తండ్రి పోయిన పిమ్మట దుముకుట మానివేసినది. పాత సామాను కొట్టులో తుప్పుపట్టి పడియున్న చిన్న పసుపుపచ్చ వోక్స్‌వ్యాగన్ కారు ఆమెకు పుట్టినరోజున దొరకును. ఇంటికి తెచ్చి క్రింద దూరి చూచిన, అది కారు కాదు, ఆ యంత్రజీవులలో నొకడు. శత్రువు వాని గొంతును పెరికివేసెను. వానికి జ్ఞాపకము కూడ పోయెను.

అంత పెద్ద జీవి ఆ షెడ్డులో మూలకు ఒదిగి, ఆ పిల్లను చూచి భయపడి ముడుచుకొనును. మేము ఈ చోట ఫోనును ఆపుమంటిమి. ముందరి సినిమాలలో పెద్దవాని ముందు చిన్నవారు వణకిరి. ఇక్కడ చిన్నదాని ముందు పెద్దవాడు వణకుచున్నాడు. ఆ పిల్ల చేయి చాచి, వాని ఇనుప మొగము మీద పెట్టినది. మేడలు కూలుట చూచి మేమెన్నడును కన్ను చెమర్చలేదు, ఇక్కడ చెమర్చితిమి.

గొంతు లేనివాడు మాటలాడుట ఎట్లు? ఆ పిల్ల వానికి రేడియో బిగించును. వాడు ముల్లు త్రిప్పుచు, ఈ పాటలో ఒక మాట, ఆ పాటలో ఒక మాట ఏరుకొని, తన మనస్సులోనిది చెప్పుట నేర్చుకొనును. మాట కఱవైనవాడు మాటను ఎంత జాగ్రత్తగా వాడునో చూడుడి. మరియు వాని రూపమును గమనించుడి. ఈ తుమ్మెద మొదటి బొమ్మలలో చిన్న వోక్స్‌వ్యాగన్ కారే. 2007లో దానిని కమారో అను దర్జా కారుగా మార్చిరి. ఇప్పుడు మొదటి రూపమునకు తెచ్చిరి. చల్లారిపోయినదానిని బ్రదికింపగోరువాడు క్రొత్త హంగును వెదకుటకు ముందు, తాను మొదట ఎక్కడ నుండెనో జ్ఞాపకము చేసికొనుట మంచిది.

కథ చివర వాడు నీళ్లలో మునుగును. దుముకుట మానివేసిన ఆ పిల్ల వానికొరకు ఎత్తునుండి దుముకును. తరువాత వాడు తనవారిని వెదకుకొని పోవలసియుండగా, ఆమె పట్టి ఉంచుకొనక పంపివేయును. తండ్రి విడిచిన కారు ఇంజను తుదకు పలుకును. ఊళ్లు కూలుటతో చూచిన ఇవి చిన్న సంగతులు. ఐనను ఒక మనిషి మరల బ్రదుకుట కంటె పెద్ద సంగతి ఏది?

ఇక్కడ తెలివిగలవాడొకడు మమ్ము అడుగును: "అయ్యా, వారు నెమ్మదించినది మనస్సు మారియా, రాబడి తగ్గియా?" న్యాయమైన ప్రశ్న. అయిదవదాని రాబడి తెలియకమునుపే ఆ పని జరిగెను గనుక, దీనికి తేలికైన జవాబు లేదు. ఆ వరుసలో పండితులు ఎక్కువగా మెచ్చినది ఈ చిన్న సినిమానే. సుమారు 13 కోట్ల 50 లక్షల డాలర్ల ఖర్చుతో తీయగా 46 కోట్లకు పైగా వచ్చెను. ఖర్చు తక్కువ గనుక నష్టము లేదు. కాని 60 కోట్లను అది దాటలేదు. పిమ్మట 2023లో వచ్చినదానిలో మరల గ్రహములనే మ్రింగు భూతమును తెచ్చిరి. అదియు 44 కోట్ల దగ్గరనే ఆగెను. నెమ్మది యొక ఉపాయమైనప్పుడు, ఉపాయము పండనినాడు మనుష్యుడు మరల కేకలకే పోవును. కావున ఒకడు నిజముగా నెమ్మదించెనో లేదో నెమ్మదించిన దినమున తెలియదు. నెమ్మదికి కూలి రాని దినమున తెలియును.

మన దేశములోను దీనికి సాటియున్నది. శంకర్ తీసిన అరవ సినిమా 2010లో "రోబో" అను పేరుతో మన తెలుగులోనికి వచ్చెను. దాని రెండవ భాగము "2.0", బంబుల్‌బీకి సుమారు మూడు వారముల ముందు, 2018 నవంబరు 29న వచ్చెను. దానికి అయిదు వందల కోట్ల రూపాయలకు మించి ఖర్చయినదని పత్రికలు వ్రాసినవి. సెల్‌ఫోనులన్నియు కూడి యొక మహాపక్షిగా లేచును. పెద్ద యంత్రమునకు లొంగని ఆ పక్షి, తుదకు పావురముల మీద నెక్కి వచ్చిన బొటనవ్రేలంత మరబొమ్మలకు లొంగును. మంచి తలంపే. అయితే ఆ సినిమా చిన్నదానిని పొగడెను గాని, తాను చిన్నది కాలేదు. చిన్నతనమును మైకులో పొగడుట సులభము.

గుంతకల్లు జంక్షనులో పెరిగిన పెద్దలకు ఇందులో క్రొత్త లేదు. ఒకప్పుడు బొగ్గు ఇంజను కదలిన ఊరంతయు వినెడిది, ఆరవేసిన బట్టలన్నియు మసియగుచుండెను. అయినను ఆ బొగ్గులోని వేడిలో పదియవ వంతు కూడ చక్రములకు చేరెడిది కాదు. తక్కినది పొగయై, ఆవిరియై గాలిలో పోయెను. నేడు కరెంటు ఇంజను అంత ఆర్భాటము లేకయే, అంతకంటె బరువైన గూడ్సును లాగుకొని పోవుచున్నది. సేద్యగాండ్రకు వేరొక సాక్ష్యము కలదు. మన జిల్లాకు ఏటికి వచ్చు వాన కొంచెమే. అది ఉరుములతో ఒక్క గంటలో కుమ్మరించిన ఎఱ్ఱనేలను కోసికొని వంకలో కలియును. రెండు దినములు ముసురుపట్టి తుంపరగా పడిన శెనక్కాయ వేరు దాక దిగును. వాన యెంత పడెనని కాదు, ఎంత ఇంకెనని రైతు అడుగును.

ఇక మా తప్పు చెప్పవలెను. ఆ పడుచువాని తండ్రి చనిపోయిన యేడే మా ఊరిలో కూటములు పెట్టితిమి. పొరుగూళ్లవారికంటె తక్కువ కాకూడదని ఎనిమిది పెద్ద సౌండు బాక్సులు బాడుగకు తెచ్చితిమి. మూడు రాత్రులు కిటికీ రెక్కలు అదరినవి. మేమును గొంతు చించుకొని ప్రసంగించితిమి. నాలుగవ దినమున వాని తల్లి మా గడపలో కూర్చుండి, "నా మొగుడు పోయిన సంగతి నీతో చెప్పుకోవాలని మూడు రాత్రులు వస్తి అయ్యా. ఆ మోతలో నా మాట నాకే యినపడకపాయె" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆమె కొరకే ఆ కూటములని మేము ప్రార్థనలో చెప్పియుంటిమి. ఆమె వచ్చినది కూడ మేము చూడలేదు.

ఏలీయాను తలంచుకొనుడి. కర్మెలు కొండ మీద అగ్ని దిగెను, జనమంతయు సాగిలపడెను. అంత జయము తరువాత అతడు అరణ్యములోనికి పారిపోయి, ప్రాణము తీసివేయుమని అడిగెను. హోరేబులో గాలి వీచెను, భూమి కంపించెను, అగ్ని పుట్టెను. ఆ మూటిలోను ప్రభువు లేడు. వాని తరువాత వచ్చిన నిమ్మళమైన స్వరము అతనిని, నీకిక్కడ ఏమి పని యని అడిగెను (1 రాజులు 19). దేవునికి అగ్ని చేతకాదని కాదు. కర్మెలు మీద పంపినది ఆయనయే. అలసిపోయినవానితో మాటలాడునప్పుడు దానిని ప్రక్కన పెట్టెను. ఆ స్వరము అతనికి అడ్డుపడక అతని మొఱను వినెను; విన్న తరువాతనే చేయవలసిన పని చెప్పెను.

మేము గ్రహించినది ఇంతే. నెమ్మది యనగా చప్పుడు తక్కువగుట మాత్రమే కాదు. ఎదుటివాడు పలుకుటకు చోటు ఇచ్చుట. ఊరకుండియు ఎదుటివానిని లెక్కచేయనివాని మౌనములో నెమ్మది లేదు. ఆ యంత్రము షెడ్డులో పట్టునట్లు ఒదిగినందుననే ఆ పిల్ల మనస్సులోనిది బయటికి వచ్చెను. పెద్దవాని బలము పోయినందున కాదు. చిన్నదానికి చోటిచ్చుటకు తన బలమును తానే మడుచుకొనెను.

సినిమా ముగిసిన పిమ్మట ఆ పడుచువాడు ఫోను జేబులో పెట్టుకొనలేదు. తండ్రిని గురించి మాటలాడనారంభించెను. తండ్రికి స్క్రూడ్రైవరు అందించుటలో తాను చేసిన పొరబాట్లు, తిన్న తిట్లు, చివరి దినమున ఆసుపత్రి వరండాలో చెప్పలేకపోయిన మాట, అన్నియు చెప్పెను. రెండేండ్లుగా మేము వానికి ఎన్ని ప్రసంగములు చెప్పితిమో! వానిలో ఒక్కటియు ఆ తలుపు తెరువలేదు. ఆ రాత్రి మేము చెప్పినది నాలుగు మాటలు కూడ లేదు.

ఈ యేటి కోతకాలపు కూటములు దగ్గరపడుచున్నవి. పెద్దలు మరల బాక్సుల మాట యెత్తినారు. మేము వద్దని ఆజ్ఞాపింపము. దూరపు వీధివారు కూడ వినవలెను గదా. ఒక్క మనవి మాత్రము చేసితిమి. ప్రతి రాత్రి కడవరి ప్రార్థన కాగానే మైకు కట్టివేయవలెను, బాక్సుల తీగ ఊడదీయవలెను. పెద్దలందరు వేదిక దిగి, చాపల మీద జనము నడుమ అరగంట కూర్చుండవలెను. ఎవరును ప్రసంగింపకూడదు. మాటలాడవలసినవారు మాటలాడుదురు, ఏడ్వవలసినవారు ఏడ్తురు. మొదటి రాత్రి ఎవరును నోరు మెదపకపోవచ్చును. రెండవ రాత్రియు అట్లే కావచ్చును. అప్పుడు మరల బాక్సులు పెట్టుదమా అని చేయి దురదపెట్టును. మన నెమ్మది నిజమైనదో కాదో ఆ రాత్రియే తేలును.