శ్రావకుడైన గృహస్థుని స్మరణ



ఇంటిపెద్ద కాలము చేసినప్పుడు మనము పటము కట్టించి దండ వేస్తాము. ఏటేట ఆయన పేర అన్నదానము చేస్తాము. మంచిదే. కాని మంచి భర్తగా, తండ్రిగా, తాతగా బ్రతికినవానిని తలచుకొనుటకు ఇంతమాత్రము చాలునా? ఆగమములోని ఒక గృహస్థుని చరిత్ర చూతము.

ఉపాసకదశాంగము అంగములలో ఏడవది. అందులో పదిమంది శ్రావకుల చరిత్రలున్నవి. వీరు ఆలుబిడ్డలు, వడ్డీ వ్యాపారము, బండ్లు, పశువులు గలవారు. మొదటివాడు వాణిజ్యగ్రామ నివాసి ఆనందుడు. ఆయనకు నిధిలో 4 కోట్ల సువర్ణము, వడ్డీలో 4 కోట్లు, ఇంటి సంపదలో 4 కోట్లు ఉండెను. పదివేలేసి పశువుల మందలు నాలుగుండెను.

మహావీరస్వామి ఉపదేశము విని ఆయన పన్నెండు వ్రతములు స్వీకరించినాడు. ఉన్న ఆస్తికి హద్దు గీసుకొన్నాడు. భార్య శివనందతోనే తృప్తిపడుదునని మాట యిచ్చినాడు. ఇంటికి వచ్చి, ఆమెను గూడ స్వామి సన్నిధికి పంపినాడు. ఆమెయు వ్రతములు పుచ్చుకొన్నది. భార్యకు నగలు చేయించే భర్తలు చాలమంది ఉన్నారు. తనకు దొరికిన మేలును ఆమెతో పంచుకొన్న భర్త ఈయన.

పదునాలుగేండ్లు వ్యవహారము, వ్రతము రెండును నడిపినాడు. పదునైదవ ఏట బంధుమిత్రులను పిలిచి, భోజనము పెట్టి, అందరి యెదుట పెద్దకుమారునికి ఇంటిభారము అప్పగించినాడు. ఇకమీదట ఇంటి సంగతులు తన్నడుగవద్దని చెప్పి పౌషధశాలకు వెళ్ళినాడు. పదకొండు ప్రతిమలు ఆచరించి, తుదకు సల్లేఖనముతో దేహము విడిచినాడు. మొత్తము 20 ఏండ్లు శ్రావకధర్మములో గడిపినాడు.

ఇక మన సంగతి. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి బజార్లలో మనలో చాలమంది ఇంటిలో మార్వాడీ, అంగడిలో తెలుగు, కచేరీలో కన్నడము మాట్లాడి బ్రతుకుచున్నాము. మూడు భాషలు నేర్చిన మనకు, గల్లాపెట్టె తాళపుచెవి కొడుకు చేతికిచ్చే విద్య మాత్రము రాలేదు. తండ్రికి ఎనభై ఏండ్లు, కొడుకుకు యాభై. హమాలీకి కూలి ఇవ్వవలెనన్నా కొడుకు తండ్రి ముఖము చూడవలెను. పెద్దాయన పోయిన ఏడాదిలోపలే అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతారు. ఆ తండ్రికి బిడ్డలపై ప్రేమ లేదా? ఉన్నది. ఆస్తిపై మమకారము దానిని కప్పివేసినది.

ఇంకొక మాట. పౌషధశాలలో ఆనందునికి అవధిజ్ఞానము కలిగినది. గృహస్థునికి అంతటి జ్ఞానము కలుగదని గౌతమస్వామి శంకించినాడు. ఆనందుడు చెప్పినదే సత్యమని మహావీరస్వామి తెలిపి, అతనిని క్షమాపణ అడుగుమన్నాడు. గౌతమస్వామి తిరిగి వచ్చి, గణధరుడై యుండియు, ఒక వర్తకుని క్షమాపణ కోరినాడు. సంవత్సరి నాడు తాత మనుమని యెదుట చేతులు జోడించి "మిచ్ఛామి దుక్కడం" అంటే, ఆ పిల్లవాడు దానిని పెద్దవాడైనా మరువడు. ఇచ్చిపోవలసిన ఆస్తులలో ఇదియు ఒకటి.

కనుక ఈ ఏడు మీ ఇంటిపెద్దను స్మరించే నాడు మూడు పనులు చేయండి. ఆయన చిట్టాలు తీసి, తీర్చలేని బీదవాని బాకీ ఒకటి కొట్టివేయండి. మీ ఆస్తికి ఒక హద్దు వ్రాసుకొనండి. తాళపుచెవి ఏనాడు అప్పగించేది బిడ్డల యెదుటనే చెప్పండి.

జై జినేంద్ర.