అందమునకు వెల యెవ్వరిచ్చిరి?

పాత కొయ్యసామానుపై మక్కువ నేడు సంపన్నుల యిండ్లలో హెచ్చుచున్నది. గడీల టేకు తలుపులు, పందిరిమంచములు, చెక్కడపు కుర్చీలు గొప్ప వెలకు అమ్ముడుపోవుచున్నవి. వస్తువు ఎంత పాతదని యడుగువారే కాని, చేసినవాని కేమి ముట్టెనని యడుగువారు అరుదు. ఆ ప్రశ్ననే మేము పాఠకుల ముందుంచుచున్నాము.

18వ శతాబ్దమున ఐర్లండులో డబ్లిను వడ్రంగులు మహాగని కొయ్యతో చేసిన బల్లలు ప్రసిద్ధములు. సింహముఖములు, గోళ్ల పాదములు వాని గుర్తులు. చేసినవారిలో పెక్కుర పేరులు వానిపై లేవు. ఆ కొయ్య జమైకా మొదలగు దీవులలో బానిసలు నరికినది. కొన్న ప్రభువులలో పెక్కుర ధనము కౌలుదార్ల శిస్తు. 1920-1923 నడుమ అచ్చటి ప్రభువుల మందిరములు రెండు వందలకు పైగా తగులబడెను. లోని సామానును చాలవరకు బూడిదయ్యెను.

మన నిజామాబాదు సీమ కథ దీనికి దూరము కాదు. గోదావరి కావలియొడ్డున ఆదిలాబాదు అడవులుండగా టేకునకు కొదువ లేదు. ఊరి వడ్లవాడు రైతుకు నాగలి, గొర్రు చేసియిచ్చి కల్లమున ధాన్యము పుచ్చుకొనెడివాడు. అది యొప్పందము. దొరల గడీలలో పని పెక్కుచోట్ల వెట్టి. 1946లో తెలంగాణమున రాజుకొన్న రైతు పోరాటమునకు ఈ వెట్టియు నొక కారణము. బెజ్జము తొలిచి కుసి బిగించు నేర్పు రెండుచోట్ల నొక్కటియే. ప్రతిఫలము మాత్రము వేరు.

అట్లయిన ఆ కుర్చీని తగులబెట్టవలెనా? కూడదు. అన్యాయము చేసినది కుర్చీ కాదు. పైగా పేరులేని ఆ శిల్పి బ్రదికెననుటకు మిగిలిన సాక్ష్యమది యొక్కటే. దానిని కాల్చినచో వానిని రెండవమారు దోచుకొన్నట్లగును. అందమునకు పాపమంటదని మిన్నకుండుటయు తగదు. వస్తువును దాచుకొనువాడు దాని కథను దాచరాదు.

ఈ మరపు కొయ్యకే పరిమితము కాదు. 1937లో బోధనున వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. దాని తీపి నెరిగిన మనలో ఎందరము ఆ కార్మికుల బ్రదుకు తెరువును విచారించితిమి?

పాత బీరువాకు లక్షలు పోసి, క్రొత్త బీరువా చేయు వడ్రంగితో దినకూలికై గీచి గీచి బేరమాడువాడు కళాప్రియుడు కాడు. పాతదనమును కొను వర్తకుడు. గతించినవాని ఋణము మనము తీర్పజాలము. బ్రదికియున్నవాని కూలి యెగవేయకుండుట మన చేతిలోని పని. అందమును ప్రేమించుటకు మన కర్హత యున్నదో లేదో అచ్చటనే తేలును.